పర్మిషన్ మీద సంతకం పెట్టేముందు నీళ్ళెక్కడివో చెప్పండి

నగరాల మాస్టర్ ప్లాన్లు గీసేవారికి, లేఅవుట్లకూ అపార్ట్‌మెంట్లకూ అనుమతులిచ్చే అధికారులకు, నీటి సరఫరా ఇంజనీర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీరు ఏ దేశంలో, ఏ నగరంలో ఉద్యోగం చేస్తున్నా ఈ లేఖ మీకే. పైపులైను పగిలిందని అర్ధరాత్రి ఫోనొస్తే లేచి పరిగెత్తేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారని మాకు తెలుసు. ఆ కష్టానికి నమస్కారం. ఇక విషయానికొస్తాం.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టిన ప్రతిసారీ, అభ్యంతరాలుంటే రాసివ్వమంటారు. రాసిచ్చాం. మ్యాపులో ఇంత మేర పసుపు రంగు వేసి నివాస ప్రాంతం అన్నారు కదా, అక్కడికి రాబోయే జనానికి నీళ్ళు ఏ నది నుంచి, ఏ జలాశయం నుంచి, ఏ సంవత్సరం నుంచి అందుతాయో చెప్పే పేజీ ఇందులో ఎందుకు లేదని అడిగాం. 'పరిశీలించబడును' అని ముద్ర కొట్టిన రసీదు చేతికొచ్చింది. ముసాయిదా కాస్తా తుది ప్లాన్ అయింది. పసుపు రంగు ఎక్కడిదక్కడే ఉంది. మేమడిగిన పేజీ మాత్రం రాలేదు.

ఎండాకాలంలో కుళాయి ఆగిపోయి మీ ఆఫీసు మెట్లెక్కితే, కుర్చీలోంచి మాకు ఎదురైన మాట ఇది: "నీళ్ళు లేని చోట ఇల్లెందుకు తీసుకున్నారండీ?" అడిగినాయన వెటకారంగా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. అందుకే ఆయన్ని ఏమీ అనదలుచుకోలేదు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఆయన ఒక్కడికి చెప్తే సరిపోదనిపించి ఇలా రాస్తున్నాం.

ముందు జరుగుతున్న సంగతులు.

1. ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది నీళ్ళు చూసి తేల్చుకునే వీలు మాకెవరూ ఇవ్వలేదు. కంపెనీలకు భూమి ఎటువైపు ఇవ్వాలి, రింగు రోడ్డు ఎటు తిరగాలి, రైలు ఎక్కడ ఆగాలి, ఏ పొలాన్ని ఇళ్ళ స్థలంగా మార్చాలి అన్నవన్నీ తేల్చింది మీరు. అవన్నీ తేలిపోయాక, ఆఫీసుకో ఫ్యాక్టరీకో గంటలో చేరగలిగే దూరంలో, మా జీతానికి అందే రెండు గదులు ఎక్కడుంటే అక్కడ దిగాం. 

నీటి పటాన్నీ ఉద్యోగాల పటాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రపంచ జనాభాలో దాదాపు 18 శాతం భారతదేశంలో ఉంటే, మంచినీటి వనరుల్లో ఆ దేశం వాటా సుమారు 4 శాతం. ఆ నాలుగు శాతమైనా అన్ని దిక్కులా ఒకేలా లేదు. బ్రహ్మపుత్ర లోయలో ఊళ్ళు వరదల్లో మునుగుతుంటే దక్కన్ పీఠభూమిలో బోర్లు రాతిని తొలుస్తుంటాయి. చైనాలో నీళ్ళెక్కువ దక్షిణాన. రాజధానితో పాటు కోట్లమంది జనం, గోధుమ పొలాలు ఉత్తరాన. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, పక్కన జీవనది అంటూ లేని బెంగళూరులో జనాభా కోటి ఎప్పుడో దాటింది. ఎడారి మధ్యనున్న ఫీనిక్స్ 2020 జనాభా లెక్కల్లో అమెరికాలో అయిదో పెద్ద నగరంగా తేలింది. ఇలాంటి చోట్లకు చేరిన కోట్లమందీ నీటి సంగతి తెలియని అమాయకులేం కాదు. అక్కడ పని ఉంది, వెళ్ళారు.

వలస వెనక కూడా నీళ్ళున్నాయి. 1970 నుంచి 2000 మధ్య దేశాల లోపల జరిగిన వలసల పెరుగుదలలో 10 శాతానికి నీటి కొరతతో సంబంధం ఉందని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్కకట్టింది. వరదలకంటే నీటి కరువే అయిదు రెట్లు ఎక్కువమందిని ఊరు కదిలిస్తోందని కూడా చెప్పింది. అంటే వానలు పడక, పంట పోయి మీ నగరానికి వచ్చినవాడు మీరు పసుపు రంగు వేసిన నగరం అంచుకు చేరి మళ్ళీ బిందె పట్టుకుని నిలబడుతున్నాడు. రెండుసార్లూ తప్పు చోటు ఎంచుకున్నాడని అతణ్ణే అందామా?

2. అనుమతికీ నీటికీ లంకె కాగితం మీదే ఉంది. కొత్త భవనానికి నీటి సంస్థ ఇచ్చే పత్రం ఒకసారి తీసి చదవండి. ఎన్ని ఫ్లాట్లో ఉంటుంది, కట్టాల్సిన ఛార్జీలెంతో ఉంటుంది, చివర్లో మాత్రం 'లభ్యతను బట్టి సరఫరా చేయబడును' అని ఉంటుంది. కొనేవాడు బ్యాంకు లోను కాగితాల మీద సంతకాలు పెట్టే హడావిడిలో ఆ లైను దాకా రాడు. బిల్డరు మాత్రం 'అన్ని అనుమతులూ ఉన్నాయి' అని ధైర్యంగా చెప్పగలుగుతాడు, ఎందుకంటే అది అబద్ధం కాదు.

ఇలాంటి కాగితాల ఫలితం చెన్నైలో చూశాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ వరసకట్టిన పాత మహాబలిపురం రోడ్డు పొడవునా ఆఫీసులు లేచాయి, టవర్లు లేచాయి. పైపులైను రాలేదు, ట్యాంకర్లు వచ్చాయి. 2019 జూన్ నాటికి పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయాయి. ట్యాంకర్లకు కూడా నీళ్ళు కరువై, కొన్ని కంపెనీలు ఉద్యోగుల్ని ఇంటి నుంచే పనిచేసుకోమన్నాయి. ఆ ఇళ్ళలో మాత్రం ఏమున్నాయని? జులైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు, ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. 

బెంగళూరు సంగతీ అంతే. 2007లో చుట్టుపక్కల 110 గ్రామాలను నగరంలో కలిపారు. వాటికోసమని చెప్పిన కావేరి నీటి పథకం అయిదో దశ మొదలైంది 2024 అక్టోబరులో. మధ్యలో పదిహేడేళ్ళు. ఆ పదిహేడేళ్ళలో ఒక్క రోజు కూడా అక్కడ అపార్ట్‌మెంట్ల అనుమతులు నీళ్ళకోసం ఆగినట్టు మాకు కనిపించలేదు. బోర్లు వేసుకున్నారు, బోర్లు ఎండాయి. అయిదో దశ రాకముందు 2024 మార్చిలో నగరం ఎలా అల్లాడిందో మీకు గుర్తుండే ఉంటుంది.

అలాగని చట్టం చేస్తే చాలు అనుకోకండి, కన్నాలుంటే చట్టమూ కారుతుంది. ఫీనిక్స్ ఉన్న అరిజోనా రాష్ట్రం 1980లోనే భూగర్భజల చట్టం తెచ్చింది. అక్కడి ప్రధాన నగర ప్రాంతాల్లో ఆరు, అంతకంటే ఎక్కువ ప్లాట్లు వేసి అమ్మాలంటే వందేళ్ళకు సరిపడా నీళ్ళున్నాయని ముందు రుజువు చూపాలి. మంచి నిబంధన. అయితే అయిదు ప్లాట్ల వరకూ మినహాయింపు పెట్టారు. భూమిని అయిదేసి ముక్కలుగా కోసుకుంటూ పోయారు. స్కాట్స్‌డేల్ నగరం పక్కనున్న రియో వెర్డె ఫుట్‌హిల్స్‌లో అలా లేచిన వందల ఇళ్ళకు ట్యాంకర్లే గతి. ఆ ట్యాంకర్లు నింపుకోవడానికి నీళ్ళివ్వడం తమవల్ల కాదని 2023 జనవరి 1న స్కాట్స్‌డేల్ ఆపేసింది. అదే ఏడాది జూన్‌లో, ఫీనిక్స్ ప్రాంతంలో కేవలం భూగర్భజలం మీద ఆధారపడే కొత్త లేఅవుట్లకు ఇకపై అనుమతి పత్రాలివ్వబోమని రాష్ట్రమే ప్రకటించింది. ఆలస్యమైనా 'ఇక నీళ్ళు లేవు' అని ఒక ప్రభుత్వం బయటికి చెప్పింది. మీలో ఎంతమందికి ఆ మాట చెప్పే ధైర్యముందో మీరే ఆలోచించుకోండి.

3. ప్రాంతాల మధ్య తేడా అనగానే రాష్ట్రాలు, జిల్లాల పేర్లు గుర్తొస్తాయి. ఒకే పైపులైను మీద మొదటి వీధికీ చివరి వీధికీ మధ్యనున్న తేడా మీ నివేదికల్లో ఎక్కడా కనబడదు. అక్కడేం జరుగుతుందో చెప్తాం.

వాల్వు తిప్పే మనిషి టీ ఆకారపు ఇనుప కడ్డీతో వస్తాడు. మూత తీసి, కడ్డీ దించి తిప్పుతాడు. రిజర్వాయరుకు దగ్గరున్న ఇళ్ళలో నీళ్ళు ధారగా పడతాయి. లైను చివర మాకు ముందు గాలి వస్తుంది. కుళాయి బుస్సుమంటుంది, ఆ గాలికే మీటర్ గిరగిరా తిరుగుతుంది. దానికీ బిల్లు పడుతుంది, మాకు అర్థంకాని సంగతుల్లో ఇదొకటి. గాలి తర్వాత తుప్పు రంగు నీళ్ళు, అవి ఓ పావుగంట వదిలేయాలి. ఆ తర్వాత సన్నటి దార. ఈలోపు పైవీధిలో ఎవరో లైనుకు నేరుగా మోటార్ బిగించి లాగుతారు, ఆ సన్నటి దారా ఆగుతుంది. చివరికి మేమూ మోటార్ కొంటాం. తప్పని తెలిసే కొంటాం. అందరూ లాగడం మొదలుపెట్టాక పైపులో ఒత్తిడి బయటికంటే తగ్గిపోతుంది, అతుకుల్లోంచి పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. రోజుకు గంటో, రెండు రోజులకు గంటో నీళ్ళిచ్చే ఏ ఊళ్ళోనైనా కలరా, కామెర్లు వాన మొదలవగానే ఎందుకు తలెత్తుతాయో మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఇక తిట్లు తినేది ఎవరయ్యా అంటే, ఆ ఇనుప కడ్డీ పట్టుకున్న కాంట్రాక్టు కూలీ. లైను డిజైను చేసినవాళ్ళు మా వీధికి ఎప్పుడూ రారు కాబట్టి.

మీ పట్టికలో మాత్రం తలసరి సగటు ఉంటుంది. నగరమంతా కలిపి తలా ఇన్ని లీటర్లు. సగటు అన్న మాట మొదటి వీధి మిగులుతో చివరి వీధి కొరతను కప్పేస్తుంది. మెక్సికో సిటీలో కుత్సమాలా వ్యవస్థ నీళ్ళను వెయ్యి మీటర్లకు పైగా ఎత్తిపోసి తెస్తుంది. అంత చేసి తెచ్చినా నగరం తూర్పున ఇస్తపలాపాలో జనం వంతులవారీగా వచ్చే నీళ్ళకోసం, ట్యాంకర్లకోసం కాచుక్కూర్చుంటారు. కొరత నగరానికి లేదు, ఆ పేటకుంది. భారతదేశంలో సగటుకంటే ముందు ప్రమాణమే వేరు: మురుగునీటి లైనున్న నగరవాసికి రోజుకు 135 లీటర్లు, పల్లెవాసికి 55. ఊళ్ళో ఉంటే దాహం తక్కువేస్తుందనా? ఆ 135 కూడా కాగితం మీదే ఉందనుకోండి, అది వేరే సంగతి.

4. దూరం నుంచి వచ్చే ప్రతి పైపుకూ అవతలి కొన ఒకటుంటుంది. లాస్ ఏంజెలెస్ 1913లో ఓవెన్స్ లోయ నుంచి కాలువ తవ్వుకుని పెరిగింది. కొన్నేళ్ళకే అక్కడి ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. ఎండిన అడుగు నుంచి లేచే దుమ్మును అణచడానికి అదే నగరం ఇప్పుడు వందల కోట్ల డాలర్లు ఖర్చుపెడుతోంది. చైనా దక్షిణపు నీళ్ళు 2014 డిసెంబరులో బీజింగ్ చేరాయి, దాదాపు 1,280 కిలోమీటర్ల ప్రయాణం. ఆ నీళ్ళకోసం డాన్‌జియాంగ్‌కౌ ఆనకట్ట ఎత్తు పెంచినప్పుడు మూడు లక్షలకు పైగా జనం ఇళ్ళు వదిలారు. కృష్ణా నది నుంచి చెన్నైకి 15 టీఎంసీలు ఇవ్వాలని 1983లో ఒప్పందమైంది; మూడు రాష్ట్రాలు తలా అయిదు వదులుకున్నాయి. తొలి నీళ్ళు చెన్నై చేరడానికి 1996 దాకా పట్టింది, ఒప్పుకున్నంతా చేరిన ఏడాది వెతుక్కోవాలి. దారిలో కాలువ పొలాల మధ్య నుంచే వెళ్తుంది. గట్టు మీద నిలబడి, తన పైరు ఎండుతుంటే పక్కనుంచి నీళ్ళు వెళ్ళిపోవడం చూసే రైతుకు మీ ప్రాజెక్టు నివేదికలో ఉన్న పేరు 'అక్రమ వినియోగదారు'.

మేం నగరంవాళ్ళం, మా కుళాయిలోకి వచ్చేవి ఆ నీళ్ళే. ఆ రైతు మీద మాకు ఫిర్యాదు లేదు. అతని కొడుకే రేపు మా వీధిలో అద్దెకు దిగుతాడు.

5. కదలగలిగినవాళ్ళు కదులుతారు, లేనివాళ్ళు ఉండిపోతారు. నీళ్ళు లేని పేట నుంచి మొదట వెళ్ళేది అడ్వాన్సు కట్టి ఇంకోచోట దిగగలిగిన కుటుంబం. సొంత ఫ్లాటు కొని ఇరవై ఏళ్ళ వాయిదాలకు బుక్కైనవాడు కదల్లేడు, అమ్ముదామంటే నీళ్ళ సంగతి తెలిసి ఎవరూ కొనరు. అందరికంటే కింద, రోజు కూలీతో గుడిసెలో ఉన్నవాళ్ళకు అసలు కదిలే దారే లేదు. నీటి కొరత వచ్చినప్పుడు బాగా పేదవాళ్ళు వలసపోయే అవకాశం ఇతరులకంటే 80 శాతం దాకా తక్కువని ఆ ప్రపంచ బ్యాంకు లెక్కలోనే ఉంది. ప్రయాణానికీ, కొత్త చోట మొదటి నెలకూ కావాల్సినంత చేతిలో ఉండదు. వలసల గురించి మాట్లాడేటప్పుడు ఊరు వదిలినవాళ్ళ ఫొటోలే వస్తాయి, ఊరు వదల్లేనివాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకోటి. ప్రపంచంలో 180 కోట్లమంది ఇంటి ఆవరణలో నీళ్ళు లేని కుటుంబాల్లో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2023లో చెప్పాయి. అలాంటి ప్రతి పది ఇళ్ళలో ఏడింట నీళ్ళు మోసేది ఆడవాళ్ళు, ఆడపిల్లలే. నీటి దగ్గరికి వెళ్ళి తేవడానికి అరగంట మించకూడదని ఐక్యరాజ్యసమితి అంటోంది. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియక పొద్దున్నుంచీ ఇల్లు కదలని ఆవిడ సమయం ఏ లెక్కలోకి వస్తుంది? ఆవిడ నడవలేదు కదా, కూర్చునే ఉంది కదా అంటారేమో. ఆ రోజు కూలి పోయింది, అది రాసుకోండి.

6. భూగర్భజలం ఎవరి ఖాతాలోనూ లేదు. రాతి నేలల్లో నీళ్ళుండేది పైనున్న మెత్తటి పొరలో, రాతి పగుళ్ళలో. ఎంత లోతుకు తవ్వితే అంత నీరు అన్నది భ్రమ. మెత్తటి నేలల్లో తోడేస్తే నేలే దిగిపోతుంది. మెక్సికో సిటీ దిగిపోతోంది, జకార్తా దిగిపోతోంది. 2019లో రాజధానినే ఇంకో ద్వీపానికి మార్చాలని ఇండోనేసియా నిర్ణయించడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ప్రభుత్వాలకు రాజధాని మార్చుకునే వెసులుబాటు ఉంది. మాకు ఇల్లు మార్చడమే కష్టంగా ఉంది.

మీ దగ్గర్నుంచి వచ్చే జవాబులు మాకు కంఠతా వచ్చు. వానలు పడలేదంటారు. చెన్నై 2015 డిసెంబరులో వరదలో మునిగింది, 2019లో ఎండింది. మధ్యలో నాలుగేళ్ళు కూడా లేవు. చిత్తడి నేలలు, చెరువులు ఇళ్ళ స్థలాలయ్యాక వానొస్తే ఇంట్లోకి, ఎండొస్తే ఎక్కడా లేకుండా పోతాయి నీళ్ళు. వాటి సర్వే నంబర్లు మార్చింది మేఘాలు కాదు. 

డబ్బుల్లేవంటారు. కంబోడియా రాజధాని నోమ్‌పెన్ కంటే పేదరికంలో ఉన్నారా మీరు? 1993లో ఆ నగరంలో సరఫరా చేసిన నీళ్ళలో 72 శాతం లీకులకూ దొంగ కనెక్షన్లకూ పోయేవి. యుద్ధం నుంచి అప్పుడే తేరుకుంటున్న నగరం అది. మీటర్లు పెట్టారు, పైపులు మార్చారు, బిల్లు కట్టని పెద్దమనుషుల కనెక్షన్లు కూడా కత్తిరించారు. రెండు దశాబ్దాలు తిరక్కుండానే నష్టాన్ని పదో వంతుకంటే కిందికి దించి, ఇరవైనాలుగు గంటలూ నీళ్ళిచ్చారు. ఒడిశాలోని పూరీలో 2021 నుంచి కుళాయి తిప్పి నేరుగా తాగే నీళ్ళిస్తున్నారు. కొత్త నది ఏదీ పుట్టలేదు అక్కడ.

జనం పెరిగిపోయారంటారు. పెరుగుతారని మీ మాస్టర్ ప్లానే చెప్పింది, పసుపు రంగు వేసింది అందుకే.

ఇవీ మా డిమాండ్లు. వీటిలో ఏదీ కొత్త ఆనకట్ట అడగడం లేదు.

1. నివాస లేఅవుటుకైనా, అపార్ట్‌మెంటుకైనా అనుమతి ఇచ్చేముందు నీటి వనరు పేరు, రోజుకు ఎన్ని లీటర్లు, ఏ తేదీ నుంచి, కరువు ఏడాదిలో ఎంత అన్నవి రాతపూర్వకంగా తేల్చాలి. 'లభ్యతను బట్టి' అన్న మాట ఆ పత్రంలో ఉండకూడదు. లభ్యత లేకపోతే అనుమతీ ఉండకూడదు. అయిదు ప్లాట్లకో, చిన్న భవనాలకో మినహాయింపు పెట్టొద్దు.

2. ఆ పత్రాన్ని అమ్మకం ఒప్పందానికీ అద్దె ఒప్పందానికీ జతచేయడం తప్పనిసరి చేయాలి. ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులో చెప్పకుండా అమ్మడం తప్పయినప్పుడు, నీళ్ళు ఎన్ని గంటలో చెప్పకుండా అమ్మడం కూడా అంతే కావాలి. మేం ఎంచుకుంటున్నామని మీరంటున్నారు కాబట్టి, ఎంచుకోవడానికి కావాల్సిన సమాచారం ముందు ఇవ్వండి. అద్దెకున్నవాళ్ళను మర్చిపోవద్దు, నగరాల్లో ఎక్కువ ఇబ్బంది పడేది వాళ్ళే, ఏ సమావేశానికీ పిలుపు రానిదీ వాళ్ళకే.

3. తలసరి సగటు ప్రకటించడం ఆపి, వాల్వు వారీగా లెక్క ప్రకటించాలి. ఏ వాల్వు ఎన్నింటికి తెరిచారు, ఎన్నింటికి మూశారు, లైను చివరి ఇంట్లో ఒత్తిడి ఎంత. ఒత్తిడి కొలిచే పరికరం లైను మొదట్లో కాకుండా చివర్లో బిగించాలి. ఇది ఖర్చు తక్కువ పని. చేయకపోవడానికి కారణం ఖర్చు కాదని మా అనుమానం.

4. కొరత వచ్చినప్పుడు కోత అందరికీ ఒకేలా ఉండాలి. కేప్‌టౌన్‌లో 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లకు మించి వాడొద్దన్నారు, ఈత కొలను ఉన్నవాడికీ లేనివాడికీ అదే. జలాశయాల మట్టం ఎంతుందో ఎప్పటికప్పుడు జనానికి చెప్పారు. కుళాయిలు పూర్తిగా కట్టేసే రోజు రాకుండానే గండం గడిచింది. నిజం చెప్తే జనం సహకరిస్తారు. మీరు మాత్రం చివరి వారం దాకా 'ఆందోళన అక్కర్లేదు' అంటారు, ఆ తర్వాత ట్యాంకర్ల ఫోన్ నంబర్లిస్తారు.

5. నీళ్ళు తెచ్చే ప్రాంతానికి ముందు నీళ్ళివ్వాలి. కాలువ, పైపులైను దాటే ప్రతి ఊరికీ తాగునీటి వాటా ఆ ప్రాజెక్టులోనే ఉండాలి, దయాదాక్షిణ్యాల మీద కాదు. నగరం కట్టే నీటి బిల్లులో కొంత భాగం ఆ పరీవాహక ప్రాంతానికి వెళ్ళాలి. బిల్లు కాస్త పెరిగితే మా పేటల్లో గొడవ జరుగుతుంది, జరగనివ్వండి. ట్యాంకర్‌కు పోసేదానితో పోల్చి చెప్పే బాధ్యత మేం తీసుకుంటాం.

6. వాడిన నీళ్ళను తిరిగి వాడకుండా కొత్త నీళ్ళ ప్రతిపాదన పెట్టొద్దు. నమీబియాలోని వింధోక్ 1968 నుంచీ మురుగునీటిని శుద్ధిచేసి తాగునీటిలో కలుపుతోంది. లాస్ వెగాస్ ఇళ్ళ లోపల వాడిన నీళ్ళను శుద్ధిచేసి తను నీళ్ళు తెచ్చుకునే మీడ్ సరస్సుకే తిరిగి పంపుతోంది. సింగపూర్ 2003 నుంచి ఆ బాటలో ఉంది. మీరు తాగమనక్కర్లేదు, ముందు నిర్మాణాలకూ తోటలకూ ఫ్యాక్టరీలకూ వాడించండి. మంచినీళ్ళతో సిమెంటు కలిపే ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవని చెప్పడానికి మీకు ఎలా నోరొస్తుందో తెలియడం లేదు.

7. కొత్త ఉద్యోగాలు ఎక్కడికి వెళ్ళాలన్న ఫైలు మీద నీటి ఇంజనీరు సంతకం ఉండాలి. నీళ్ళున్న చిన్న పట్టణాలకు ఆస్పత్రి, కాలేజీ, పరిశ్రమ ఇచ్చి చూడండి. జనాన్ని అక్కడికి తోలాల్సిన పని లేదు, వాళ్ళే వెళ్తారు. నీళ్ళున్న పట్టణాలు ఖాళీ చేయించి, లేని చోట ఇరికించి, తర్వాత వందల కిలోమీటర్ల పైపు వేయడం ఏ లెక్కన చౌకో ఆ లెక్క మాకూ చూపించండి.

8. ప్రతి బోరూ నమోదు కావాలి, మీ సొంత ఆఫీసుల్లోవి, మీ క్వార్టర్లలోవి ముందుగా.

ఈ లేఖకు 'పరిశీలించబడును' అన్న రసీదు వద్దు. మొదటి డిమాండు మీద మాత్రం మీ నగరానికి సంబంధించి మూడు సంగతులు రాసి పంపండి: పోయిన ఏడాది ఎన్ని కొత్త ఇళ్ళకు అనుమతిచ్చారు, వాటికి రోజుకు ఎన్ని లీటర్లు కావాలి, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి. మొదటి సంఖ్య మీ దగ్గర తయారుగా ఉంటుందని మాకు తెలుసు, ఫీజు వసూలు చేశారు కాబట్టి. రెండోది గుణిస్తే వస్తుంది. మూడోదానికి ఎంత గడువు కావాలో చెప్పండి. ఆ జవాబు వచ్చేదాకా కొత్త అనుమతులు ఆపండి.

ఇట్లు,
పైపులైను చివరి వీధుల్లో ఉంటున్న అద్దెదారులు, ఇళ్ళ సొంతదారులు